క్లాసు కంటే ముందు ఇంట్లో పాట

పిల్లల్ని సంగీతంలో ఏ వయసులో చేర్పించాలని చాలామంది అడుగుతుంటారు. ముందు మీ ఇంట్లో పాట ఉందో లేదో చూసుకోండి అంటాను. క్లాసు సంగతి ఆ తర్వాత.

గాయకుడు ఘంటసాలగారి తండ్రి సూర్యనారాయణగారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. ఆ పాటకు పసివాడు అడుగులేస్తుంటే చూసినవాళ్లు బాలభరతుడని మురిసిపోయేవారు. తండ్రి త్వరగానే పోయారు. విజయనగరం సంగీత కళాశాలకు వెళ్లడం, మధుకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని చదువుకోవడం ఆ తర్వాతి మాట. అంత కష్టానికి ఓర్చుకునే పట్టుదల తండ్రి పాట దగ్గరే మొదలైందని నా నమ్మకం.

గాయకుడు ఎస్పీ బాలుగారి తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. హరికథలో కథ, పద్యం, వచనం, పాట, ఇన్ని పాత్రలు, అన్నీ ఒక్క మనిషే. నటుణ్ని బట్టి గొంతు మార్చి పాడిన బాలుగారిలో ఆ ఛాయ నాకు వినిపిస్తుంది. చిన్నతనంలో పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోకపోయినా, 'శంకరాభరణం' పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారాయన.

కాబట్టి అమ్మలూ, నాన్నలూ, మీకు వచ్చినంతలో పాడండి. గొంతు బాగోదని పోపు వేస్తూ తీసే కూనిరాగాన్ని మింగేయకండి. పడుకునే ముందు ఒక పాట పెట్టండి, బొమ్మ లేకుండా, వినడానికి మాత్రమే. పెళ్లికెళ్తే పిల్లల్ని కాసేపు సన్నాయి మేళం దగ్గర కూర్చోబెట్టండి. డోలు మీద వేళ్లు ఎలా పడుతున్నాయో వాళ్లే చూసుకుంటారు. ఊళ్లో చెక్కభజన ఉంటే తీసుకెళ్లండి.

ఆది తాళం మీరూ నేర్చుకోవచ్చు. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. తర్వాత దెబ్బ వేసి చెయ్యి తిప్పడం, మళ్లీ దెబ్బ వేసి తిప్పడం. మొత్తం ఎనిమిది. పిల్లతో కలిసి వేయండి. వేగం పెంచుకుంటూ మూడో కాలానికి వచ్చేసరికి వేళ్లు తడబడి ఇద్దరూ నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. రేపు ఆ పిల్ల కథలు రాయొచ్చు, బొమ్మలు వేయొచ్చు. వాక్యాన్ని ఎక్కడ ఆపాలో, గీతను ఎక్కడ వదలాలో ఈ లయే చెబుతుంది. సంగీతం నేర్పించి పాటగత్తె కాలేదని డబ్బు లెక్కలు వేసుకోవద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. చుట్టాలు రాగానే "ఏదీ, ఆ పాట పాడు" అని నిలబెట్టకండి. పాడాలనిపిస్తే వాళ్లే పాడతారు. టీవీ పోటీల పిల్లలతో పోల్చకండి.

మగపిల్లలకు పన్నెండు పదమూడేళ్లప్పుడు గొంతు మారుతుంది. పైస్థాయి అందదు, గొంతు జీరపోతుంది. పాట పోయిందని చాలా ఇళ్లలో అప్పుడే మానిపించేస్తారు. మానిపించకండి. గొంతును కష్టపెట్టకుండా శ్రుతి తగ్గించి పాడుకోనివ్వండి, లేదా కొన్నాళ్లు వేణువో మృదంగమో పట్టించండి. కుదురుకున్నాక వచ్చే గొంతు ఎలా ఉంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు.