ఆరోగ్య పాఠము: తినకపోయినా చక్కెర ఎక్కడిది?



నాందేడులోని మన ఇండ్లలో తరచు వినబడు మాట ఒకటున్నది: "రాత్రి ఒక్క జొన్నరొట్టె తిన్నాను. అయినా పొద్దున పరగడుపు షుగరు 160 వచ్చింది!" ఇంటివారు, చాటుగా ఏదో తిన్నారని అనుమానింతురు. ఆ అనుమానము చాలాసార్లు తప్పు. ఆ చక్కెరలో ఎక్కువ భాగము కాలేయమునుండి వచ్చినదే.

1. కాలేయము చేయు పని

విష్ణుపురి ఆనకట్టను మనమందరము ఎరుగుదుము. గోదావరి నిండుగా వచ్చినప్పుడు నీటిని నిలిపి, కావలసినప్పుడు విడుచుదురు. కాలేయమును ఆలాగే పనిచేయును. భోజనమైన తరువాత రక్తములో పెరిగిన గ్లూకోజును గ్లైకోజెన్‌గా మార్చి, దాదాపు 100 గ్రాముల వరకు దాచుకొనును. రాత్రి నిద్రలోను మెదడుకు గ్లూకోజు కావలెను గనుక, గంటకు సుమారు 7 గ్రాములు రక్తములోనికి విడుచును. నిల్వ తగ్గుకొలది కొత్త గ్లూకోజును తానే తయారుచేయును.

2. ఇన్సులిన్ ఇచ్చు ఆజ్ఞ

క్లోమగ్రంథిలో పుట్టిన ఇన్సులిన్ మొదట కాలేయమునకే చేరును. దాదాపు సగము అక్కడే ఖర్చగును. "ఉన్నది దాచుము, కొత్తది చేయకుము" అనునదే దాని ఆజ్ఞ.

3. రెండవ రకము మధుమేహములో జరుగునది

ఇన్సులిన్ వచ్చినను కాలేయము ఆ ఆజ్ఞను సరిగా వినదు. నది నిండియున్నను గేట్లు ఎత్తినట్లు, రక్తములో చక్కెర ఉండగానే ఇంకను విడుచును. విచిత్రమేమనగా, కొవ్వు తయారీ మాత్రము ఆగదు. ఆ కొవ్వు కాలేయములో పేరుకొన్నకొలది, ఇన్సులిన్ మాట ఇంకను తక్కువగా చెల్లును.

"మేము సన్నగానే ఉన్నాము గదా" అని కొందరందురు. 2004లో పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ శరీరములనే పోల్చి చూపిరి. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరును సమానమే. అయితే కొవ్వు యుడ్కిన్‌లో 9.1 శాతము, యాజ్ఞిక్‌లో 21.2 శాతము!

4. మనము చేయవలసినది

మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యముగా కాలేయపు గ్లూకోజు తయారీని తగ్గించును. కాబట్టి "తక్కువ తిన్నాను, మాత్ర ఎందుకు?" అని మనంతట మనమే మానరాదు. కాలేయపు కొవ్వు తగ్గినను మేలు కలుగును. 2011లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 11 మంది రోగులకు రోజుకు 600 కెలోరీల ఆహారమే ఇయ్యగా, వారి పరగడుపు చక్కెర సగటున వారములోనే సాధారణ స్థాయికి దిగెను. ఇది వైద్యుల పర్యవేక్షణలో జరిగినది. ఇంటిలో సొంతముగా చేయదగినది కాదు.

ఉపవాస ప్రార్థనల విషయములో జాగ్రత్త అవసరము. ఇన్సులిన్ సూది గాని, కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు తినకయుండిన, చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమట, వణకు, మాట తడబాటు కనబడిన వెంటనే చక్కెర నీళ్లు త్రాగించవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కాబట్టి వీరు ముందుగా డాక్టరునడిగి నిర్ణయించుకొనవలెను. సంఘ పెద్దలు వారిని బలవంతపెట్టకుందురు గాక.

చర్చించుటకు ప్రశ్నలు

1. రాత్రి తినకపోయినను ఉదయము చక్కెర ఎందుకు పెరుగును?
2. సన్నగా ఉన్నవారు కూడ ఎందుకు పరీక్ష చేయించుకొనవలెను?
3. మన ఇంటిలో షుగరు ఉన్నవారిని నిందించక, ఏలాగు సహాయపడగలము?