సర్వరు ఎంపిక - లినక్సు

వెబ్‌సైటు నివసించు యంత్రమును సర్వరు అందురు. పలువురు పంచుకొను సర్వరు ఒకే ఇంటిలో వాటాల కాపురము వంటిది. పొరుగు రద్దీ మనకును తగులును. యంత్రమంతయు మనకే ప్రత్యేకించినచో అది డెడికేటెడ్ సర్వరు. ఇందు స్వేచ్ఛ హెచ్చు. ఖర్చును బాధ్యతయు హెచ్చే. చిన్న సైటునకు ఇది అనవసరమని మా అభిప్రాయము.

అవసరమైనచో మూడు విషయములు చూడవలెను. మెమరీ చిన్న దోషములను తానే దిద్దుకొను ఇ.సి.సి. రకమైన మేలు. రెయిడ్-1 పద్ధతిలో సమాచారము రెండు డిస్కులందును నిలుచును గనుక, ఒకటి చెడినను పని సాగును. అయితే మనము పొరపాటున చెరిపినది రెండింటను చెరుగును. కావున వేరొక చోట నకలు ఉంచుట తప్పనిసరి.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్. 1991లో హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు నేడు పలు రూపములలో ఉచితముగా లభించును. ఉచితమని మురియక, భద్రతా సవరణలు ఎన్నాళ్లు వచ్చునో విచారింపవలెను. సెంటాస్ 8కు 2029 వరకు సవరణలు వచ్చునని నమ్మినవారికి, అవి 2021తోనే ముగియునని 2020 డిసెంబరులో తెలిసినది. పిదప ఆల్మా లినక్సు, రాకీ లినక్సు వెలసినవి. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలలకు ఐదేండ్ల సవరణలు కలవు. డెబియన్ 1993 నుండి స్వచ్ఛంద కార్యకర్తల కృషితో నడచుచున్నది.

మన సంచికలోని ఉర్దూ, తెలుగు రచనలను నెట్‌లో ఉంచదలచినచో, యూనికోడ్ వలన రెండు లిపులును ఒకే పుటలో ఇముడును. అయితే సవరణలు వేయుచు, నకళ్లు సరిచూచు వ్యక్తి లేనిచో ఎంతటి సర్వరైనను వానిని కాపాడలేదు. ముందు ఆ వ్యక్తిని నియమించి, పిమ్మట యంత్రమును ఎన్నుకొందము.