లక్ష రూపాయల హోమ్ థియేటర్ రిసీవర్: అబిడ్స్‌లో కొనే ముందు ఈ లెక్క వేసుకోండి

హోమ్ థియేటర్ రిసీవర్‌కి లక్ష రూపాయలు పెట్టొచ్చా? సూటిగా చెప్పేస్తా. హైదరాబాద్‌లో మనలో చాలామంది ఉండే సైజు ఇళ్లకి అక్కర్లేదు. ముప్ఫై నలభై వేల రిసీవర్ చాలు. మిగిలిన డబ్బు స్పీకర్లకీ సబ్‌వూఫర్‌కీ పెడితే తేడా మొదటి రోజే వినిపిస్తుంది. అయితే లక్ష పెట్టాల్సిన వాళ్లు కూడా ఉన్నారు. మీరు ఆ లిస్టులో ఉన్నారో లేదో షాపతను చెప్పడు, మీరే లెక్క వేసుకోవాలి. పెద్ద కష్టం కాదు, టేపు, కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఇదంతా మా పిన్ని కొడుకు వల్ల మొదలైంది. నాంపల్లిలో రెడ్ హిల్స్ వైపు అద్దె ఇంట్లో ఉంటాడు. ఏడాదిన్నరగా దాచుకున్న 1,50,000 చేతిలో ఉంది. "అన్నా, రిసీవర్‌కి లక్షా పదివేలు పెట్టేస్తా, మిగతాదాంట్లో స్పీకర్లు ఏవో ఒకటి చూసుకుందాం" అన్నాడు. నాకు భయం వేసింది ఆ "ఏవో ఒకటి" దగ్గరే. ఆదివారం అయితే అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాల వాళ్లదే. అందుకని శనివారం బయల్దేరి, అబిడ్స్ జీపీవో దగ్గర నుంచి కోఠి గుజరాతీ గల్లీ దాకా నడుస్తూ తిరిగాం. (అబిడ్స్ అన్న పేరే ఒక షాపు పేరు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన షాపు వల్ల ఏరియాకి ఆ పేరు వచ్చింది. అంటే ఈ ఏరియా పుట్టుకే సేల్స్‌తో.)

వాట్స్ అంకెలో ఉన్న మతలబు

షాపులో మొదట చెప్పేది వాట్సే. గుజరాతీ గల్లీలో చిన్న సెట్ల మీద "5000 వాట్స్ పీఎంపీవో" అని పెద్ద స్టిక్కర్ ఉంటుంది. పీఎంపీవో అనేదానికి ఒక ప్రమాణం అంటూ లేదు, కాబట్టి ఆ అంకెని పక్కన పెట్టేయండి. మంచి బ్రాండ్ల దగ్గర కూడా జాగ్రత్తగా చదవాలి. ఉదాహరణకి యమహా ఆర్ఎక్స్-వి385 అనే ఎంట్రీ లెవెల్ 5.1 రిసీవర్ స్పెసిఫికేషన్ చూడండి. ఒక లైన్లో 135 వాట్స్ ఉంటుంది. అది ఒక్క ఛానల్ మాత్రమే నడుస్తూ, 10% డిస్టార్షన్ వచ్చేదాకా నొక్కితే వచ్చే లెక్క. అదే షీట్‌లో ఇంకో లైన్లో 70 వాట్స్ ఉంటుంది. అది రెండు ఛానళ్లు నడుస్తూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.09% డిస్టార్షన్‌తో వచ్చేది. రెండూ 6 ఓమ్స్ మీద కొలిచినవే, రెండూ నిజమే. మనకి పనికొచ్చేది రెండోది. కంపెనీ అబద్ధం చెప్పలేదు, షాపతను మాత్రం మొదటి లైనే చదువుతాడు.

ఇప్పుడు ఖరీదైన వాటికి వద్దాం. డెనాన్ ఎక్స్2800హెచ్ 95 వాట్స్. దానికంటే పై మోడల్ ఎక్స్3800హెచ్ 105 వాట్స్. రెండూ 8 ఓమ్స్, రెండు ఛానళ్ల లెక్కలో. ఈ రెండింటి మధ్య ధర తేడా మంచి ఫోన్ ఒకటి కొనుక్కునేంత. సౌండ్‌లో తేడా ఎంతనుకున్నారు? పవర్ రెండింతలైతే 3 డెసిబెల్స్ పెరుగుతుంది. 95 నుంచి 105కి వెళ్తే అర డెసిబెల్ కూడా రాదు. సినిమా చూస్తూ కూర్చున్న ఏ చెవీ దాన్ని పట్టుకోలేదు. చెవికి "రెండింతలు గట్టిగా ఉంది" అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతలు పవర్.

తమ్ముడి హాల్లో లెక్క ఇలా వచ్చింది. సోఫా నుంచి స్పీకర్లు పెట్టే చోటికి రెండున్నర మీటర్లు. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అనుకుందాం. అంటే 1 వాట్ ఇస్తే, 1 మీటర్ దూరంలో 88. దూరం వల్ల 8 తగ్గిస్తే సోఫా దగ్గర 80. గోడల వల్ల నిజానికి ఇంకొంచెం ఎక్కువే వస్తుంది, దాన్ని వదిలేద్దాం.

సినిమా మిక్సింగ్‌లో రిఫరెన్స్ లెవెల్ అంటే ఒక్కో ఛానల్‌లో పీక్స్ 105 డెసిబెల్స్ దాకా వెళ్తాయి. రిసీవర్‌ని రూమ్‌కి సరిగ్గా సెట్ చేశాక వాల్యూమ్ "0" అంటే అదే. ఇంట్లో ఎవరూ అంత పెట్టరు. "-20" దగ్గర చూస్తే పీక్ 85, దానికి కావాల్సింది సుమారు 3 వాట్స్. అవును, మూడే. "-10" దగ్గర పీక్ 95, దానికి 32 వాట్స్. "0"కి వెళ్తే 316 వాట్స్ కావాలి, అక్కడ లక్ష రూపాయల రిసీవర్ కూడా చేతులెత్తేస్తుంది. అంటే మనం రోజూ వినే లెవెల్‌కి చవకదీ సరిపోతుంది, మనం ఎప్పుడూ వినని లెవెల్‌కి ఖరీదైనదీ సరిపోదు. పైగా 88 బదులు 91 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తీసుకుంటే యాంప్లిఫైయర్ పవర్ రెండింతలు చేసినట్టే. స్పెక్ షీట్‌లో ఆ అంకెని ఎవరూ చూడరు!

"క్వాలిటీ వేరుంటుంది కదా అన్నా?" అని తమ్ముడి డౌట్. పాతదే అయినా ఒక టెస్ట్ గురించి చెప్పా. 1987 జనవరిలో స్టీరియో రివ్యూ అనే అమెరికన్ పత్రిక, సుమారు 220 డాలర్ల పయనీర్ రిసీవర్ నుంచి 12,000 డాలర్ల ట్యూబ్ యాంప్ దాకా, సౌండ్ లెవెల్ సమానంగా పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించింది. విన్నవాళ్ల జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి. దీన్ని పట్టుకుని అన్ని యాంప్‌లూ ఒకటే అనేయకూడదు. 4 ఓమ్స్ స్పీకర్లు, పెద్ద హాలు, గట్టి వాల్యూమ్ కలిస్తే చిన్న రిసీవర్ క్లిప్ అవుతుంది, అప్పుడు తేడా అందరికీ తెలుస్తుంది. లిమిట్ లోపల నడిపినంత కాలం మాత్రం తేడా వెతుక్కోవాల్సిందే.

అసలు విలన్ గది

తమ్ముడి హాలు 12 అడుగులు పొడవు, 10 అడుగులు వెడల్పు. పాత ఇల్లు కాబట్టి సీలింగ్ కూడా 10 అడుగులు. గది కొలతని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు గోడల మధ్య ఊగుతూ పెరిగిపోతాయి. ధ్వని వేగం 343 మీటర్లని గది పొడవుకి రెండింతలతో భాగిస్తే మొదటిది వస్తుంది. 12 అడుగులకి సుమారు 47 హెర్ట్జ్. 10 అడుగులకి సుమారు 56 హెర్ట్జ్. ఇక్కడ వెడల్పూ సీలింగూ రెండూ 10 అడుగులే, కాబట్టి 56 దగ్గర రెండు పోట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫైట్ సీన్ రాగానే బేస్ "బుమ్మ్" అని సాగిపోయి, దాని వెనక వచ్చే డైలాగ్ మునిగిపోయేది అందుకే. "మ్యూజిక్ వస్తే ఇల్లు దద్దరిల్లుతుంది, మాటలు మాత్రం వినబడవు" అని మన ఇళ్లలో అమ్మలు చేసే కంప్లైంట్‌లో సగం కారణం ఇదే. మిగతా సగం సరైన సెంటర్ స్పీకర్ లేకపోవడం.

దీనికి ఫ్రీ మందు ఒకటుంది. సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ ఉన్న పాట ఒకటి వేసి, మీరు గోడల వెంబడి వంగి నడవండి. బేస్ ఎక్కడ సాగకుండా, బిగువుగా వినిపిస్తే అక్కడ సబ్ పెట్టండి. చూసేవాళ్లు నవ్వుతారు. మా పిన్ని బాగా నవ్వింది. కానీ పని చేస్తుంది.

డబ్బుతో వచ్చే మందు రూమ్ కరెక్షన్. ఖరీదైన రిసీవర్ పక్షాన నేను మాట్లాడేది ఇక్కడే. డెనాన్ ఎక్స్2800హెచ్‌లో ఆడిస్సీ మల్టీఈక్యూ ఎక్స్‌టీ ఉంటుంది, ఎక్స్3800హెచ్‌లో ఎక్స్‌టీ32. సబ్‌వూఫర్ విషయంలో రెండోదాని ఫిల్టర్ రిజల్యూషన్ నాలుగింతలు. ఎక్స్3800హెచ్‌లో డబ్బు కట్టి డిరాక్ కూడా వేసుకోవచ్చు, నాలుగు సబ్‌లని విడివిడిగా సెట్ చేసుకోవచ్చు. ఆ 10 వాట్స్ కోసం కాకుండా వీటికోసం ఎక్కువ ఇస్తానంటే నేను ఒప్పుకుంటా. అయినా ఒక మాట. సాఫ్ట్‌వేర్ పెరిగిన బేస్‌ని తగ్గించగలదు గానీ, మీరు కూర్చున్న చోట పూర్తిగా మాయమైన బేస్‌ని తెప్పించలేదు. అందుకే ముందు సబ్ చోటు, తర్వాతే మైక్.

అట్మాస్, హెచ్‌డీఎంఐ సంగతి

పైన చెప్పిన వి385లో డాల్బీ అట్మాస్ లేదు. అట్మాస్ ట్రాక్ దాంట్లో మామూలు 5.1గా వస్తుంది. తమ్ముడికి ఇదే పెద్ద బెంగ. అద్దె ఇంట్లో సీలింగ్‌కి రంధ్రాలు పెడితే ఓనర్ ఊరుకుంటాడా? ఊరుకోడు. మరి పైన స్పీకర్లు లేని ఇంట్లో అట్మాస్ లోగోకి డబ్బు ఎందుకు? అట్మాస్ తప్పదు అనుకుంటే, లక్ష లోపు 7.2 రిసీవర్లలోనే ఉంది.

ఇంకో అపోహ, ఈఆర్క్ లేకపోతే ఓటీటీలో అట్మాస్ రాదని. ఓటీటీలో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లో ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ దాన్ని గరిష్ఠంగా 768 కేబీపీఎస్‌లో ఇస్తుంది. అది పాత ఆర్క్‌లోనూ వెళ్తుంది, టీవీ సపోర్ట్ చేస్తే చాలు. ఈఆర్క్ అవసరం బ్లూ-రేలో ఉండే ట్రూహెచ్‌డీకి. మీ దగ్గర బ్లూ-రే డిస్కులు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి.

"ఫ్యూచర్ ప్రూఫ్" అన్న మాట విన్నప్పుడల్లా నాకు 2020 గుర్తొస్తుంది. ఆ ఏడాది డెనాన్, మరాంట్జ్, యమహా 8కే రిసీవర్లలో వాడిన హెచ్‌డీఎంఐ 2.1 చిప్‌లో లోపం బయటపడింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి 4కే 120 హెర్ట్జ్ పంపితే స్క్రీన్ మీద బొమ్మ రాలేదు. తర్వాత డెనాన్, మరాంట్జ్ వాళ్లు ఉచితంగా ఒక అడాప్టర్ ఇచ్చారు, యమహా బోర్డులు మార్చింది. స్పీకర్ పదిహేనేళ్లు ఉంటుంది. రిసీవర్‌లో ముందు పాతబడేది ఆ హెచ్‌డీఎంఐ బోర్డే, దాని మీదే మనం ఎక్కువ డబ్బు పోస్తున్నాం. గేమ్ కన్సోల్ ఉంటే నేరుగా టీవీకే కలిపి, సౌండ్‌ని మాత్రం రిసీవర్‌కి పంపండి.

మరి లక్ష ఎవరు పెట్టాలి? సొంత ఇల్లు, డెడికేటెడ్ రూమ్, సీలింగ్‌లో నాలుగు స్పీకర్లు, రెండు అంతకంటే ఎక్కువ సబ్‌లు, లేదా 4 ఓమ్స్ స్పీకర్లు ఇప్పటికే కొన్నవాళ్లు. తర్వాత విడిగా పవర్ యాంప్ కలపాలనుకుని అన్ని ఛానళ్లకీ ప్రీ-అవుట్స్ కావాలనుకునేవాళ్లు. ఇందులో ఒక్కటీ మీకు లేకపోతే తమ్ముడి బిల్లు చూడండి. రిసీవర్ సుమారు 38 వేలు, ఐదు స్పీకర్లు (సెంటర్ మీద బేరం ఆడలేదు) 60 వేలు, సబ్ 35 వేలు, వైర్లు, స్టాండ్లు 7 వేలు. పదివేలు వాడి దగ్గరే మిగిలాయి.

డెమోలో మోసపోకుండా

షాపులో రెండు సెట్లు పోల్చి వినేటప్పుడు, ఒకటి డెసిబెల్ గట్టిగా ఉన్నా అదే బాగుందనిపిస్తుంది. కాబట్టి ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ ఆన్ చేసి, రెండూ ఒకే లెవెల్‌కి తెప్పించి వినండి. యాప్ అంకె కచ్చితం కాకపోయినా పోల్చడానికి సరిపోతుంది. మేమడిగితే ఒక షాపతను విసుక్కున్నాడు, ఇంకో షాపులో కుర్రాడు తనే ఆసక్తిగా నిలబడి చూశాడు. కొన్నది ఆ కుర్రాడి దగ్గరే. జనవరి 1న మొదలయ్యే నాంపల్లి నుమాయిష్‌లో చుట్టూ మైకులు, జనం గోల. అక్కడ మిర్చి బజ్జీలు తినండి, స్పీకర్లు మాత్రం విని నిర్ణయించకండి.

చవగ్గా ఇస్తామని గ్రే మార్కెట్ పీస్ చూపిస్తే వెనక ప్లేట్ మీద వోల్టేజ్ చదవండి. 120 వోల్ట్స్ అని ఉంటే అది అమెరికా పీస్. మన 230 వోల్ట్స్‌కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఇక్కడి వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. బిల్లులో సీరియల్ నంబర్ రాయించుకోండి, డబ్బా పారేయకండి. ఇంటికొచ్చాక రిసీవర్‌ని టీవీ షెల్ఫ్‌లో ఇరికించి పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టొద్దు, పైన నాలుగు వేళ్లకి తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. మే నెలలో నాంపల్లి హాల్లో ఏసీ లేకుండా రెండున్నర గంటల సినిమా నడిస్తే, 38 వేలదైనా లక్షా పదివేలదైనా ఆ పెట్టె మీద చెయ్యి పెట్టలేం.