పూసలు - దారం

ఇంట్లో ఎవరి మెడలోనైనా నల్లపూసల దండ తెగితే పెద్దవాళ్లు ‘తెగింది’ అనరు, ‘పెరిగింది’ అంటారు. అశుభమైన మాట నోట రాకూడదని వారి భావన. ఆ మాటలోని మంచి మనసును మనం గౌరవించాలి. అయితే దండ తెగడానికి కారణం అపశకునం కాదు. పూస బెజ్జం అంచు గరుకుగా ఉంటే దారం రాసుకొని రాసుకొని అరిగిపోతుంది. చెమటకు, తడికి నూలుదారం చివుకుతుంది. ముడి సరిగా పడకపోతే జారిపోతుంది. కారణం తెలిస్తే నివారణ కూడా తెలుస్తుంది. చెదరిన పూసలను ఏరి తిరిగి గుచ్చడం ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ నేర్చుకోదగిన విద్య.

ఈ విద్య చాలా పాతది. సింధు నాగరికత కాలంలోనే చన్హుదారో, లోథాల్ పట్టణాలలో ఎర్రరాతి పూసలు తయారుచేసేవారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు అనే ప్రాచీన రేవుపట్టణం ఉండేది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపారు. ఆ ప్రదేశంలో గాజుపూసలు, రాతిపూసలు విస్తారంగా దొరికాయి. అటువంటి చిన్న గాజుపూసలు సముద్రానికి ఆవల ఆగ్నేయాసియా దేశాలలోనూ లభించాయి.

తెలుగునాట పూసలకు పేరుపొందిన ఊరు పాపానాయుడుపేట. ఇది 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి పనివారు కరిగిన గాజుముద్దను బోలుగా ఉన్న ఇనుప గొట్టానికి పట్టించి, కొలిమిలో ఉంచి, దాని కొసనుండి సన్నని గాజుగొట్టాన్ని లాగేవారు. ఆ గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేసేవారు. వేడికి ముక్కల పదునైన అంచులు గుండ్రబడతాయి. బూడిద బెజ్జాలలో నిండి ఉండటంవల్ల అవి మూసుకుపోవు. మనం గుచ్చే చిన్న పూస వెనుక ఇంత శ్రమ ఉంది.

ఇక ఒక దండ తయారుచేద్దాం. 5 మిల్లీమీటర్ల పూసలు, సన్నని నైలాను దారం, పూసల సూది, తేనెమైనం, కత్తెర, కొలబద్ద, ఒక కొక్కెం, ఒక చిన్న రింగు సిద్ధం చేసుకోండి.

1. పళ్లెంలో మెత్తని గుడ్డ పరచి పూసలు పోయండి. అవి దొర్లిపోవు. అంచు విరిగిన పూసలను ఏరి పక్కన పెట్టండి. అవి దారాన్ని కోస్తాయి.

2. దండ పొడవు 40 సెంటీమీటర్లు అనుకుందాం. ముడులకోసం రెండు వైపులా 15 సెంటీమీటర్ల చొప్పున వదలాలి. మొత్తం 70 సెంటీమీటర్లు. రెండు పేటలు కావాలి కనుక 140 సెంటీమీటర్ల దారం కత్తిరించండి.

3. దారాన్ని మైనంమీద ఒకసారి లాగండి. చిక్కుపడకుండా ఉంటుంది. తర్వాత సూదికి ఎక్కించి కొసలు రెండూ కలపండి.

4. కొసలనుండి 15 సెంటీమీటర్లు వదలి ఒక పూస గుచ్చి, అదే పూసగుండా సూదిని ఇంకొకసారి పోనివ్వండి. ఇది అడ్డుపూస. మిగిలిన పూసలు జారిపోకుండా ఇది కాపలా కాస్తుంది.

5. నాలుగు నల్లపూసలు, ఒక ఎర్రపూస చొప్పున గుచ్చండి. 40 సెంటీమీటర్లకు 80 పూసలు పడతాయి. అంటే 16 వరుసలు: 64 నల్లవి, 16 ఎర్రవి. ప్రతి వరుస తర్వాత లెక్క చూసుకోండి. మూడో వరుసలో తప్పిన లెక్క చివర తెలిస్తే, దండ అంతా విప్పవలసి వస్తుంది.

6. ముడి వేయకముందే మెడకు ఆనించి పొడవు చూడండి.

7. సూదిని కొక్కెంలోనుంచి రెండుసార్లు తిప్పి, వెనుకకు నాలుగైదు పూసలగుండా తీసుకురండి. పూసల నడుమ దారంచుట్టూ ఒకటి రెండు ముడులు వేసి, సూదిని ఇంకో రెండు పూసలు దాటించాక మిగిలిన దారం కత్తిరించండి.

8. అడ్డుపూసను తీసివేయండి. ఆ వైపు దారాన్ని సూదికి ఎక్కించి, రింగును కూడా ఇలాగే కట్టండి. కట్టేటప్పుడు అర పూసంత వదులు ఉంచండి. మరీ బిగిస్తే దండ కర్రలా నిలబడుతుంది. దారంమీద ఒత్తిడి పెరుగుతుంది.

ముత్యాల దండలలో ప్రతి ముత్యానికీ నడుమ ఒక ముడి ఉండటం మీరు చూసే ఉంటారు. ముత్యాలు ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా ఆ ముడి కాపాడుతుంది. ఎప్పుడైనా దారం తెగినా ఒకటి రెండు ముత్యాలే జారుతాయి, తక్కినవి నిలుస్తాయి.

దండ చూసినవారు పూసల రంగును మెచ్చుకుంటారు. దారాన్ని ఎవరూ చూడరు, ముడిని అసలే చూడరు. కానీ దండ నిలిచేది వాటివల్లనే. అందుకే మంచి పనివాడు కంటికి కనిపించే చోట ఎంత శ్రద్ధ చూపుతాడో, కనిపించని చోట కూడా అంతే శ్రద్ధ చూపుతాడు. నిదానమే ప్రధానం అన్న పెద్దల మాట ఈ పనికి చక్కగా సరిపోతుంది.

అభ్యాసం

అ) అర్థాలు
బెజ్జం = రంధ్రం
చివుకు = కుళ్లి బలం తగ్గు
ఒరుసుకొను = రాసుకొను

ఆ) ప్రశ్నలు
1. దండ తెగడానికి కారణాలు ఏవి?
2. పూసల తయారీలో బూడిద ఎందుకు వాడేవారు?
3. అడ్డుపూస వల్ల ప్రయోజనం ఏమిటి?
4. కనిపించని చోట చేసిన మంచి పనికి మీ ఊరినుండి ఒక ఉదాహరణ రాయండి.

ఇ) భాషాంశం
‘సూత్రం’ అంటే దారం. నియమం అనే అర్థం కూడా ఉంది. రెండు అర్థాలలోనూ సొంతవాక్యాలు రాయండి. తమిళ, కన్నడ భాషలలో పూసను ‘మణి’ అంటారు. తెలుగులో ఈ రెండు మాటలూ కలిసిన పదం ఏది?

ఈ) చేయండి
42 సెంటీమీటర్ల దండకు 6 మిల్లీమీటర్ల పూసలు ఎన్ని కావాలి? దారం ఎంత కత్తిరించాలి? లెక్కకట్టి, ఇంట్లో తెగిన దండ ఉంటే పెద్దల అనుమతితో తిరిగి గుచ్చండి.