షాక్ అబ్జార్బర్ చేసే అసలు పని

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని తమ్ముళ్ళు అడిగారు. వెంటనే మాకు ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిన అవరుద్ధ డోలనాల పాఠం గుర్తుకొచ్చింది. నిర్వచనం రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠం మా ఇంటి ముందు నిలబడ్డ కారు కిందే ఉందని అప్పుడు తెలియదు. ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో చేరాక తెలిసింది, అదీ ఆలస్యంగా.

మా నాన్న పాత మారుతి 800 ఒకటి కొని కిరాయికి తిప్పేవాడు. పొద్దున్నే బండి తీసే ముందు ముందుభాగాన్ని రెండు చేతులతో కిందికి నొక్కి వదిలేవాడు. అది ఒకసారి పైకి లేచి కుదురుకుంటే తలాడించి ఎక్కేవాడు. ఎందుకని మేము ఎన్నడూ అడగలేదు.

ముందు చక్రం దగ్గర రెండు వస్తువులుంటాయి. ఒకటి చుట్టల స్ప్రింగు, రెండోది దాని నడుమ నిలువుగా ఉండే గొట్టం. ఆ గొట్టమే షాక్ అబ్జార్బర్. షెడ్లలో షాకబ్జర్ అంటారు. పేరునుబట్టి కుదుపును మింగేది ఇదేనని అనుకుంటాం. నిజానికి గతుకు దెబ్బను మొదట తీసుకునేది స్ప్రింగు. చక్రం పైకి లేచినప్పుడు అది నొక్కుకుపోయి శక్తిని దాచుకుంటుంది. కానీ దాచుకున్నదాన్ని ఉంచుకోదు, తిరిగి ఇచ్చేస్తుంది. కారు లేస్తుంది, దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. మామూలు కార్లలో పైభాగం ఊగే వేగం సెకనుకు ఒకటి, ఒకటిన్నరసార్లు. చక్రం మాత్రం 10 నుంచి 15 సార్లు ఎగురుతుంది. ఒక్క గుంత దాటినా ఆ ఊగులాట చాలాసేపు సాగుతుంది. దాన్ని ఆపడమే షాక్ అబ్జార్బర్ పని.

ఎలా ఆపుతుందో తెలియాలంటే మన స్నానాల తొట్టి దగ్గరకు వెళ్ళండి. అరచెయ్యి అడ్డంగా పెట్టి నీళ్ళలో మెల్లగా కదిపితే తేలిగ్గా కదులుతుంది. గట్టిగా కదిపితే నీళ్ళు అడ్డుకుంటాయి. వేగం పెరిగేకొద్దీ అడ్డు పెరుగుతుంది. షాక్ అబ్జార్బర్‌లో నీటికి బదులు నూనె, అరచేతికి బదులు సన్నని రంధ్రాలున్న పిస్టన్ ఉంటాయి. దుర్భిణి గొట్టాల్లా ఒకదానిలోకి ఒకటి జరుగుతుంది కనుక దీన్ని టెలిస్కోపిక్ అన్నారు.

ఎక్కువ కార్లలో ఉండేది రెండు గొట్టాల రకం. లోపలి గొట్టంలో పిస్టన్, దాని చుట్టూ ఉన్న బయటి గొట్టంలో కొంత నూనె, కొంత గాలి లేదా నైట్రోజన్. కారు కిందికి దిగితే పిస్టన్ కింద ఉన్న నూనె రంధ్రాల గుండా పైకి వెళ్తుంది. అయితే కడ్డీ కూడా లోపలికి వచ్చింది కదా, అది ఆక్రమించిన చోటులోని నూనె ఎక్కడికి పోవాలి? అడుగున ఉన్న కవాటం గుండా బయటి గొట్టంలోకి పోతుంది. కారు పైకి లేచేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. పైకి లేచేటప్పుడు అడ్డు ఎక్కువగా ఉండేలా కవాటాలను అమరుస్తారు. స్ప్రింగు ఎగదన్నేది అప్పుడే కాబట్టి.

మరి ఆ శక్తి ఏమైపోయింది? కారు ఒక మూల బరువు 200 కిలోలనుకుందాం. అది 5 సెంటీమీటర్లు కిందికి పడితే 200 × 9.8 × 0.05, అంటే 98 జౌళ్ళు. నూనె రంధ్రాల్లో దూరేటప్పుడు ఆ శక్తి వేడిగా మారుతుంది. గతుకుల రోడ్డు మీద చాలా దూరం వెళ్ళివచ్చాక గొట్టాన్ని తాకితే వెచ్చగా తగిలేది అందుకే.

మారుతి 800 ముందువైపు ఉండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ రూపొందించిన ఈ ఏర్పాటుకు, 1950లో ఇంగ్లండు ఫోర్డు కంపెనీ చూపించిన కాన్సల్, జెఫిర్ కార్లతో పేరొచ్చింది. ఇందులో షాక్ అబ్జార్బర్ ఊగులాట ఆపడంతో సరిపెట్టుకోదు, చక్రాన్ని నిలబెట్టేదీ అదే. స్టీరింగు తిప్పితే గొట్టం కూడా చక్రంతోపాటు తిరుగుతుంది. అందుకే కడ్డీ లావుగా ఉంటుంది. అది పాడైతే సుఖం ఒక్కటే కాదు, అదుపు కూడా పోతుంది.

మేము డిగ్రీ పూర్తిచేసిన ఏడాది నాన్న బండిని నొక్కి వదిలితే మూడుసార్లు ఊగింది. టైరు చుట్టూ అక్కడక్కడా చిన్న పల్లాలు పడ్డాయి. "నడుస్తానే ఉంది గదా, నీ ఫీజు కట్టినాక చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఫీజు కట్టాం.

ఆ వానాకాలంలో ఒక మలుపు దగ్గర, గతుకుల మీద బ్రేకు వేస్తే బండి ఆగలేదు. జారి పక్కనున్న కాలువలోకి దిగింది. నాన్న కుడిచెయ్యి విరిగింది. కిరాయి మనుషులెవరూ అందులో లేరు.

షెడ్డులో మేస్త్రీ రెండు గొట్టాలూ విప్పి చూపించాడు. బయటంతా నూనె కారి మట్టి పట్టింది. కడ్డీని చేత్తో నొక్కితే ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది. అప్పుడు మాకు ఘర్షణ పాఠం అర్థమైంది. ఘర్షణ బలం అభిలంబ బలాన్నిబట్టి ఉంటుందని రాసేవాళ్ళం. చక్రం ఎగిరి రోడ్డును వదిలిన క్షణంలో అభిలంబ బలం సున్నా. బ్రేకు ఎంత బాగున్నా ఆ క్షణంలో ఘర్షణ కూడా సున్నాయే.

మీలో సెలవుల్లో షెడ్లకు పనికి వెళ్ళేవాళ్ళున్నారు కనుక ఇంకొన్ని మాటలు. గొట్టం మీద పలుచని చెమ్మ ఉంటే భయం లేదు, నూనె కారుతుంటే మార్చాలి. కుడిదాన్ని మార్చితే ఎడమదాన్నీ మార్చాలి, లేకపోతే రెండు చక్రాలు రెండు రకాలుగా ఊగుతాయి. నొక్కి వదిలే పరీక్షలో నెగ్గినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, చేత్తో నొక్కే వేగం వేరు, రోడ్డు మీది వేగం వేరు. స్ట్రట్ పైనున్న నడిమి నట్టును మాత్రం, స్ప్రింగును క్లాంపులతో బిగించకుండా ఎన్నడూ విప్పకండి. ఎవరు తొందరపెట్టినా సరే. లోపల స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది, ఆ నట్టు వదిలితే ఎగిరొచ్చి నేరుగా ముఖానికి తగులుతుంది.