ఆకాశంలో అద్దాల కన్ను

కార్వేటినగరంలో స్కంద పుష్కరిణి అనే పెద్ద కోనేరు ఉంది. దాని రాతి మెట్లు ఐదు వందల కిలోమీటర్ల పైనుంచి కనిపిస్తాయా?

2019 నవంబరు 27న శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరింది. కార్టోశాట్-3 అనే ఉపగ్రహాన్ని 509 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. భూమిని ఫోటో తీయడం దాని పని. నేల మీద దాదాపు జానెడు చోటును ఒక చుక్కగా చూపేలా దాన్ని తయారుచేశారు. మనిషి తల ఒక చుక్క. మొహం గుర్తుపట్టలేం. కానీ ఇల్లు, బాట, కోనేటి మెట్ల వరసలు తెలుస్తాయి. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెడితే చెరువు నీళ్ళు ఎంత వెనక్కి పోయాయో, హద్దు ఎక్కడ జరిగిందో బయటపడుతుంది. వానలు తక్కువైన మన సీమలో ఇది చిన్న సంగతి కాదు.

ఈ పని చేసేది అద్దాల టెలిస్కోపు. మెరిసే గరిటె లోపలివైపు చూడండి. మొహం తలకిందులుగా కనిపిస్తుంది. అలా గుంటగా ఉండే అద్దం వెలుతురును ఒకచోటికి చేరుస్తుంది. అద్దం పెద్దదైతే సన్న వివరం కూడా తెలుస్తుంది. కార్టోశాట్-3 పెద్ద అద్దం వెడల్పు 1.2 మీటర్లు. అంటే సుమారు నాలుగడుగులు. ఇలాంటి టెలిస్కోపులో పెద్ద అద్దానికి ఎదురుగా చిన్న అద్దం ఉంటుంది.

అసలు కష్టం ఈ అద్దాలను ఒకదానికొకటి సూటిగా నిలపడంలో ఉంది. వెంట్రుక మందంలో పదో వంతు జరిగినా బొమ్మ మసకబారొచ్చు. అందుకే లేజర్ వెలుగును అద్దాల మీదికి పంపుతారు. తిరిగొచ్చిన వెలుగులో చారలు చూస్తారు. చారలు వంకరపోతే అద్దాన్ని కొంచెం కొంచెంగా సర్దుతారు. ఇంకో చిక్కుంది. నేల మీద అద్దం తన బరువుకు తానే కాస్త వంగుతుంది. పైకి పోయాక ఆ వంపు ఉండదు. ఆ తేడాను ముందే లెక్కగట్టాలి. తర్వాత టెలిస్కోపును గడగడా ఊపుతారు. రాకెట్ కుదుపులకు తట్టుకోవాలి కదా! గాలి లేని గదిలో పెట్టి వేడి, చలి చూపిస్తారు. మళ్ళీ కొలుస్తారు.

ఇంత తంటా ఎందుకు? 1990లో అమెరికా హబుల్ అనే టెలిస్కోపును పైకి పంపింది. దాని పెద్ద అద్దం అంచున వెంట్రుక మందంలో యాభయ్యో వంతు ఎక్కువ అరగదీశారు. బొమ్మలు మసకగా వచ్చాయి. 1993లో మనుషులు రాకెట్‌లో వెళ్ళి సరిచేశారు. కార్టోశాట్ దగ్గరికి అలా వెళ్ళి బాగుచేసే ఏర్పాటు లేదు. కింద ఉండగానే అంతా సరిచూసుకోవాలి.

టెలిస్కోపు అద్దానికి మెరిసే పూత ముందువైపు వేస్తారు. మన ఇళ్ళలో అద్దాలకు వెనకవైపు ఉంటుంది. మీ అద్దానికి గోరు ఆనించి చూడండి. మీ గోటికీ, అద్దంలో గోటికీ మధ్య సందు కనిపిస్తే పూత వెనక ఉన్నట్టే.