మాస్కు పెట్టుకున్న గంటకే మెలకువ

ప్రశ్న: నా వయసు 46. స్లీప్ ఆప్నియా ఉందని సీప్యాప్ మిషన్ వాడమన్నారు. పెట్టుకున్న గంటకే మెలకువొచ్చి తీసేస్తున్నాను. ఇదే జబ్బున్న మా బావగారు దాంతోనే హాయిగా నిద్రపోతున్నారు. నాకే ఓపిక లేదా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఓపిక సంగతి తర్వాత. నిద్రలో గొంతు మూసుకుపోవడం ఇద్దరికీ ఉన్నా శరీర తత్వాలు వేరు. కొందరిలో శ్వాసకు చిన్న ఆటంకం కలిగినా మెదడు వెంటనే లేపేస్తుంది. అలాంటివారికి మాస్కు కాస్త జరిగినా, అంచు నుంచి గాలి బుస్సుమన్నా నిద్ర చెడుతుంది. లావుగా లేనివారిలో ఈ తత్వం ఎక్కువ. మీ బావగారిది మొద్దునిద్ర కావచ్చు, అదృష్టవంతులు!

ముందు ముక్కు చూపించుకోండి. ముక్కు దూలం వంకరగా ఉన్నా, అలర్జీతో దిబ్బడ వేసినా నోరు తెరుచుకుంటుంది. మిషన్ పంపే గాలి అటే పోయి, తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. మీకూ అలాగే ఉంటే గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫైయర్, వేరే రకం మాస్కు బాగా పనికొస్తాయి. గాలి ఒత్తిడి మెల్లగా పెరిగే ‘ర్యాంప్’ కూడా పెట్టించుకోండి. పగలు టీవీ చూస్తూ అరగంట మాస్కు అలవాటు చేసుకోండి.

మిషన్‌లోని మెమరీ కార్డు డాక్టరుకు చూపిస్తే లీకేజీ ఎంతో, ఇంకా ఎన్నిసార్లు శ్వాస ఆగుతోందో తెలుస్తుంది. సొంతంగా మాత్రం నిద్రమాత్రలు వేసుకోకండి.